వరంగల్ చుట్టుపక్కల ప్లాటు, చేను, మల్గీ అమ్మకం: బయానా కంటే ముందే చూసుకోవాల్సిన పన్ను లెక్క

#1 · గుంటలు40
ఒక లెక్క పెడుతున్న, తెలిసినోళ్లు విప్పి చెప్పుండ్రి. ఒక ఇంట్ల ఈ ఆస్తులు ఉన్నయనుకుందాం.
హనుమకొండ దిక్కు 200 గజాల ప్లాటు. 2012-13ల రిజిస్ట్రేషన్ ఖర్చుతో కలిపి 8 లక్షలు పడ్డది, ఇప్పుడు 30 లక్షలకు బేరం వచ్చింది.
తండ్రి నుంచి వచ్చిన 2 ఎకరాల పత్తి చేను, కార్పొరేషన్ హద్దు దాటినంక.
రోడ్డు మీద రెండు మల్గీలు (దుకాణపు గదులు), ఒక్కోటి నెలకు 18 వేల కిరాయి.
అమ్మకం 2025-26ల. ఏది ముందు అమ్మాలె, దేనికి ఎంత పన్ను పడుతది, చట్టం లోపల ఎంత తగ్గించుకోవచ్చు? "చేనుకు రూపాయి పన్ను లేదు, ప్లాటుకు ఇండెక్సేషన్ (కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి లెక్క కట్టుడు) తీసేసిన్రు" అని బ్రోకర్లు చెప్తున్నరు. రెండిట్ల ఏది నిజం?

#2 · లెక్కల_సారు
రెండూ సగం నిజాలే. ముందు ప్లాటు చూద్దాం.

స్థిరాస్తి 24 నెలలు దాటి చేతిలో ఉంటే దీర్ఘకాలిక మూలధన లాభం. 2024 జూలై 23 నుంచి రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ లేదు. కానీ ఆ తేదీకి ముందు కొన్న భూమి, ఇల్లు అయితే, అమ్మేది భారత్‌లో నివాసి అయిన వ్యక్తి గానీ హిందూ ఉమ్మడి కుటుంబం గానీ అయితే, పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా కట్టి ఏది తక్కువైతే అదే కట్టొచ్చు. కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు, ఎన్నారైలకు ఈ వెసులుబాటు లేదు.

మీ ప్లాటుకు సూచీలు: 2012-13కు 200, 2025-26కు 376.
పాత పద్ధతి: 8,00,000 × 376 ÷ 200 = 15,04,000. లాభం 14,96,000. దాని మీద 20 శాతం 2,99,200.
కొత్త పద్ధతి: లాభం 22,00,000. 12.5 శాతం 2,75,000.
కొత్తదే తక్కువ. అదే ప్లాటు 24 లక్షలకు పోతే పాతది 1,79,200, కొత్తది 2,00,000. అప్పుడు పాతదే మేలు. రెండిటి మీదా 4 శాతం సెస్ అదనం.

మధ్యలో రెండూ సమానమయ్యే ధర ఒకటుంటుంది. 2012-13లో కొన్నదైతే కొన్న ధరకు 3.35 రెట్లు. 2017-18ది (సూచీ 272) అయితే 2.02 రెట్లు, 2020-21ది (సూచీ 301) అయితే 1.66 రెట్లు. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ ఉన్న భూమికి, ఆనాటి విలువ మీద 8.36 రెట్లు. అమ్మే ధర ఈ గీతకు కింద ఉంటే ఇండెక్సేషన్, పైన ఉంటే 12.5. బేరం ఆడేటప్పుడు ఈ అంకె జేబులో ఉండాలి.

ఇంకో మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది ఆదాయపు పన్ను చట్టం 2025, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. మీ అమ్మకం 2025-26ది కాబట్టి ఇక్కడ 1961 చట్టం నంబర్లే వాడుతున్నాను.

#3 · మేడిపల్లి_లేఅవుట్
సారూ, వేరే ఆదాయం లేని మనిషి అమ్మితే? కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు కదా.

#4 · లెక్కల_సారు
అక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. 12 లక్షల దాకా సున్నా అనేది సెక్షన్ 87ఏ రిబేటు వల్ల. 12.5 శాతం లాంటి ప్రత్యేక రేటు పడే ఆదాయానికి ఆ రిబేటు రాదు. అయితే కొత్త విధానంలో 4 లక్షల ప్రాథమిక మినహాయింపు వాడుకోకుండా మిగిలితే, నివాసి దాన్ని మూలధన లాభంలోంచి తీసుకోవచ్చు. వేరే ఆదాయమే లేకపోతే 22 లక్షల్లో 4 తీసేసి 18 లక్షల మీద 2,25,000, సెస్‌తో 2,34,000.

ఖర్చులో ఏమేం కలుస్తాయో కూడా చూసుకోండి. కొన్నప్పటి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కింద కట్టిన సొమ్ము, ప్రహరీ గోడ, బోరు, వీటికి రసీదులుంటే కలుస్తాయి. అమ్మేటప్పుడు ఇచ్చిన దళారీ కమీషన్ అమ్మకం ధరలోంచి పోతుంది, బ్యాంకు ద్వారా ఇస్తే రుజువు ఉంటుంది. ఖాళీ స్థలం పన్ను ఏటా కట్టేది ఇందులో రాదు.

#5 · పహాణీ_పెద్దన్న
ఇగ చేను సంగతి. ఇది జర పొడుగ్గ చెప్తా, అందరు తప్పు పోయేది ఇక్కడనే.

గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిల "మూలధన ఆస్తి" కాదు, గందుకే దాని లాభానికి పన్ను లేదు. కాని గ్రామీణం అంటే ఊరి పేరు చూసి కాదు, కొలత చూసి. సెక్షన్ 2(14) ప్రకారం 10 వేలు, అంతకు మించిన జనాభా ఉన్న మున్సిపాలిటీ లోపల ఉంటే పట్టణ భూమి. బయట ఉన్నా సరే, ఆ మున్సిపాలిటీ జనాభా 10 వేల నుంచి లక్ష దాకా అయితే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా అయితే 6, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపల ఉన్నది కూడ పట్టణ భూమే.

జనాభా అంటే అచ్చయిన చివరి జనగణన, అంటే ఇప్పటికి 2011. గ్రేటర్ వరంగల్ గా లెక్కల లక్ష–10 లక్షల నడుమ ఉన్నది, గందుకే 6 కిలోమీటర్లు. కరీంనగర్, నిజామాబాద్, రామగుండం గూడ 6. జనగామకు 2. రేపు 2027 జనగణన అంకెలు అచ్చయి వరంగల్ 10 లక్షలు దాటితే 6 కాస్త 8 అయితది. హద్దు పక్కన చేను ఉన్నోళ్లు ఇది యాదిలో పెట్టుకోవాలె.

కొలిచేటప్పుడు మూడు తప్పులు జరుగుతయి.
ఒకటి, హనుమకొండ చౌరస్తా నుంచో కాజీపేట స్టేషన్ నుంచో కొలుస్తరు. కొలవాల్సింది మున్సిపల్ హద్దు నుంచి. మడికొండ, హసన్‌పర్తి, మామునూరు ఎప్పుడో కార్పొరేషన్‌ల కలిసినయి, హద్దు ఇప్పుడు అవి దాటినంక మొదలైతది.
రెండోది, రోడ్డు మీద బండి మీటరు చూసి చెప్తరు. చట్టం అడిగేది గాలి మార్గం. రోడ్డు మీద 8 వచ్చింది గాలి మార్గంల 5.5 కావొచ్చు, అంటే పన్ను పడుతది.
మూడోది, ఒక్క వరంగల్ చూసి ఊకుంటరు. రాష్ట్రంల 2018ల కొత్త మున్సిపాలిటీలు మస్తు పుట్టినయి. వర్ధన్నపేట దిక్కు భూమి వరంగల్ నుంచి 6 దాటినా, అక్కడి మున్సిపాలిటీ హద్దు నుంచి గూడ కొలిచి చూడాలె.

కాయితాలు ఇవి పెట్టుకోండ్రి: పట్టాదారు పాసు పుస్తకం, అమ్మిన ఏడాదికి ముందు రెండు మూడేండ్ల పహాణీ లేదా భూభారతి నకలు, పంట నమోదు, ఎనుమాముల మార్కెట్‌ల పత్తి అమ్మిన తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు), దూరం మీద తహసీల్దారు ధ్రువపత్రం. శాటిలైట్ పటం మీద హద్దు నుంచి సర్వే నంబరు దాకా గీత గీసిన ప్రింటు గూడ జత చెయ్యండ్రి. నోటీసు రెండు మూడేండ్లకు వస్తది, అప్పుడు తిరిగితే తహసీల్దారు మారిపోయి ఉంటడు.

#6 · గుంటలు40
ఆ చేను కార్పొరేషన్ హద్దుకు గాలి మార్గంల 4 కిలోమీటర్లు. అంటే పన్నేనా?

#7 · పహాణీ_పెద్దన్న
పన్నే. కాని సెక్షన్ 54బీ ఉన్నది తమ్మీ. అమ్మే తేదీకి ముందు రెండేండ్లు ఆ మనిషో, తల్లిదండ్రులో సేద్యానికి వాడిన భూమి అయితే, అమ్మిన రెండేండ్లల వేరే వ్యవసాయ భూమి కొంటే, లాభంల ఆ కొన్నంత మేరకు మినహాయింపు. అమ్మిన సొమ్మంతా పెట్టాల్సిన పని లేదు, లాభం మేరకు చాలు. కొత్త భూమి పట్టణంలదైనా పల్లెదైనా పర్వాలేదు. మూడేండ్లు అమ్మొద్దు.

జాగ్రత్త ఒకటే. ధర తక్కువని ములుగు, భూపాలపల్లి దిక్కు చూస్తరు. ఏటూరునాగారం, తాడ్వాయి లాంటి ఏజెన్సీ మండలాలల 1/70 నిబంధన ఉన్నది, గిరిజనేతరులు కొనుడు చెల్లదు. అసైన్డ్ భూమి అమ్ముడు కొనుడు నిషేధం. కొన్నదే చెల్లకపోతే మినహాయింపు ఏడ నిలుస్తది? ముందు నిషేధిత జాబితాల సర్వే నంబరు చూసి బయానా ఇయ్యాలె.

#8 · కరీంనగర్_కాగితం
దానికి ఒక అనుబంధం. మా దిక్కు సగం చేన్లు సాదాబైనామా మీద చేతులు మారినవే. తెల్ల కాగితం మీద కొన్న భూమికి 13-బీ (క్రమబద్ధీకరణ) సర్టిఫికెట్ వచ్చి, ఇప్పుడు అమ్మితే, కొన్న ధర ఎంత అని అడిగితే చూపించేది ఏముంటుంది? ఆ కాగితం మీద రాసిన మొత్తం, క్రమబద్ధీకరణకు కట్టిన డబ్బు చలానా, ఈ రెండూ ఒరిజినల్‌గా దాచుకోవాలి. 2001 ఏప్రిల్ 1 కంటే ముందు నుంచి ఉన్న భూమి, లేదా తండ్రి అప్పటికే కొన్నది వారసత్వంగా వచ్చినదైతే ఆ రోజు మార్కెట్ విలువ పెట్టుకోవచ్చు. అయితే ఆ రోజు రిజిస్ట్రేషన్ శాఖ విలువను మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 1-4-2001 నాటి విలువ ధ్రువపత్రం అడగండి, ఇస్తారు. వాల్యుయరు రిపోర్టు ఎంత ఘనంగా రాసినా ఆ అంకె దాటి పనికిరాదు.

తండ్రి నుంచి వచ్చిన ఆస్తికి ధరా, కాలమూ రెండూ తండ్రివే లెక్కకు వస్తాయి. మ్యుటేషన్ అయిన తేదీ నుంచి 24 నెలలు ఆగాల్సిన పని లేదు.

#9 · మేడిపల్లి_లేఅవుట్
ప్లాటు 30 లక్షల బేరం అన్నారు. ప్రభుత్వ విలువ ఎంతో చెప్పలేదు. అది చూడకుండా ధర ఖాయం చేసుకోవద్దు.

సెక్షన్ 50సీ ప్రకారం స్టాంపు విలువ (అదే ప్రభుత్వ విలువ) మీరు రాసుకున్న ధరకు 110 శాతం దాటితే, స్టాంపు విలువనే అమ్మకం ధరగా తీసుకుంటారు. 30 లక్షలకు రాసుకుని ప్రభుత్వ విలువ 32 ఉంటే ఇబ్బంది లేదు. 34 ఉంటే మీకు 4 లక్షల అదనపు లాభం లెక్క కడతారు. కొన్నవాడికి కూడా అదే 4 లక్షలు 56(2)(ఎక్స్) కింద ఇతర ఆదాయంగా, అతని శ్లాబు రేటులో. రాని సొమ్ముకు ఇద్దరూ పన్ను కడతారు.

బయానా రాసుకున్న నాటికీ రిజిస్ట్రేషన్ నాటికీ మధ్య ప్రభుత్వం విలువలు పెంచితే? ఒప్పందం తేదీన గానీ అంతకు ముందు గానీ కొంత సొమ్ము చెక్కు, డీడీ, ఆన్‌లైన్ రూపంలో వచ్చి ఉంటే ఒప్పందం నాటి విలువ తీసుకోవచ్చు. అంటే బయానా పూర్తిగా నగదు అయితే ఈ రక్షణ పోతుంది. పది వేలైనా సరే, ఒప్పందం రోజే ఖాతాలో పడాలి.

విలువ నిజంగానే ఎక్కువ అనిపిస్తే, ప్లాటు వంకరగా ఉండటం, పక్కనే మురుగు నాలా ఉండటం లాంటివి ఉంటే, వాల్యుయేషన్ అధికారికి పంపమని అసెస్‌మెంట్‌లో అడగొచ్చు. ఆ అధికారి ఇంకా ఎక్కువ వేసినా స్టాంపు విలువ దాటదు కాబట్టి అడిగితే నష్టం లేదు.

#10 · గుంటలు40
కొనేటోళ్లు 20 లక్షలు వైటు, 10 నగదు అంటున్నరు. 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతదని.

#11 · లెక్కల_సారు
వద్దు. నీతి మాట పక్కన పెట్టి లెక్కే చూడండి.

స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం 269ఎస్‌ఎస్ ఉల్లంఘన. 271డీ కింద జరిమానా తీసుకున్న నగదుకు సమానం, అంటే 10 లక్షలు. కొన్నవాడు బేరం తప్పాడని బయానా నగదుగా తిరిగిచ్చినా 269టీ కింద అంతే. వ్యవసాయ భూమికి కూడా ఇది వర్తిస్తుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేనప్పుడు మాత్రమే మినహాయింపు.

కొన్నవాడు 7.5 శాతం చొప్పున 75 వేలు ఆదా చేసుకున్నాననుకుంటాడు. రేపు అతను అమ్మేటప్పుడు కాగితం మీద కొన్న ధర 20 లక్షలే. ఆ 10 లక్షలు లాభంలో చేరి 12.5 శాతం, సెస్‌తో 1,30,000 అవుతుంది. 30 లక్షలు, ఆ పైన రిజిస్ట్రేషన్లు సబ్ రిజిస్ట్రార్ నుంచి నేరుగా ఆదాయపు పన్ను శాఖకు చేరతాయి, ఏఐఎస్‌లో (మన పాన్ మీద శాఖ దగ్గరున్న లావాదేవీల పట్టికలో) కనిపిస్తాయి. 20కి రాస్తే కనిపించదులే అనుకునేవాళ్ల కోసం: పైన చెప్పిన 50సీ ఉండనే ఉంది.

#12 · ఎనుమాముల_పత్తి
సొమ్ము ఇంట్లోకి మళ్లిస్తే పన్ను ఉండదంటరు కదా, 54ఎఫ్. అది చెప్పుండ్రి ఎవరన్న.

#13 · మంచిర్యాల_మేస్త్రి
ప్లాటు, మల్గీ, పట్టణ చేను, అంటే నివాసపు ఇల్లు కానిది ఏది అమ్మినా 54ఎఫ్. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే 54. తేడా పెద్దది: 54లో లాభం పెడితే చాలు, 54ఎఫ్‌లో అమ్మకం ఖర్చులు పోను వచ్చిన సొమ్ము మొత్తం పెట్టాలి. తక్కువ పెడితే ఆ నిష్పత్తిలోనే. అమ్మకం సొమ్ము 60 లక్షలు, లాభం 40, ఇంటికి పెట్టింది 45 అయితే మినహాయింపు 40 × 45 ÷ 60 = 30 లక్షలు. మిగతా 10 మీద పన్ను.

గడువు: అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా కొనొచ్చు, కట్టుకుంటే మూడేళ్లు. ఖాళీ ప్లాటు కొని ఊరుకుంటే ఇల్లు కాదు. ప్లాటు కొని దాని మీద మూడేళ్లలో ఇల్లు కడితే స్థలం ధర కూడా పెట్టుబడిలో కలుస్తుంది. రుజువులకు పర్మిషన్ పత్రం, సిమెంటు, స్టీలు బిల్లులు, మేస్త్రికి బ్యాంకు చెల్లింపులు, కరెంటు మీటరు తేదీ, ఇంటి నంబరు. మన దగ్గర కింద మల్గీలు, పైన ఇల్లు కట్టడం రివాజు. మల్గీల భాగానికి పెట్టింది లెక్కకు రాదు. నిర్మాణ ఖర్చును అంతస్తుల వారీగా విడదీసి ఇంజినీరుతో రాయించుకోండి.

అమ్మిన రోజుకు కొత్త ఇల్లు కాక ఇంకో ఇల్లు ఒక్కటి దాకా ఉండొచ్చు, రెండు ఉంటే 54ఎఫ్ మొత్తం పోతుంది. తర్వాత రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టినా, కొత్త ఇంటిని మూడేళ్లలో అమ్మినా వెనక్కి తీసుకుంటారు.

#14 · కరీంనగర్_కాగితం
ఊళ్లో పెంకుటిల్లులో అన్నదమ్ముల వాటా ఉంటే అది కూడా ఒక ఇల్లు కింద లెక్కేనా అన్నది కొట్లాట. ఉమ్మడి వాటాను ఇల్లుగా లెక్కపెట్టనక్కర్లేదని మద్రాసు హైకోర్టు, లెక్కపెట్టాలని కర్ణాటక హైకోర్టు చెప్పాయి. మన దగ్గర అధికారి కర్ణాటక తీర్పు పట్టుకునే అవకాశమే ఎక్కువ. ప్లాటు అమ్మకముందే ఆ వాటాను సోదరుడికి రిజిస్టర్డ్ విడుదల దస్తావేజుతో ఇచ్చేస్తే తగాదా ఉండదు. అమ్మిన తర్వాత ఇస్తే ఫలితం లేదు, చూసేది అమ్మిన తేదీనే.

#15 · మేడిపల్లి_లేఅవుట్
మేస్త్రి గారు ఒకటి వదిలేశారు. ఇల్లు పూర్తి కాకముందే రిటర్ను గడువు, జూలై 31, వచ్చేస్తుంది. అప్పటికి ఖర్చు పెట్టని సొమ్మును మూలధన లాభాల ఖాతా పథకంలో బ్యాంకులో వేయాలి. పల్లె శాఖల్లో ఈ ఖాతా తెరవరు, హనుమకొండలో పెద్ద శాఖకు వెళ్లండి. 'ఏ' రకం పొదుపు ఖాతా లాంటిది, 'బీ' రకం డిపాజిట్. తీసిన సొమ్ము 60 రోజుల్లో ఖర్చు పెట్టాలి, లేదా తిరిగి వేయాలి. మామూలు పొదుపు ఖాతాలో డబ్బు ఉంది, చూపిస్తాం అంటే అసెస్‌మెంట్‌లో నిలబడటం కష్టం. మినహాయింపు పోయేది చాలాసార్లు ఇక్కడే, ఇల్లు కట్టక కాదు.

#16 · గుంటలు40
ఇల్లు కట్టే ఓపిక లేదు. బాండ్లు?

#17 · లెక్కల_సారు
54ఈసీ. ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ, హడ్కో బాండ్లు. అమ్మిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు, 50 లక్షలు మించకుండా, ఐదేళ్లు కదల్చకుండా. వాటి మీద అప్పు తీసుకున్నా మినహాయింపు పోతుంది. 2025-26లో వడ్డీ 5.25 శాతం, ఆ వడ్డీకి పన్ను ఉంది.

లాభమా నష్టమా చూద్దాం. 10 లక్షల లాభానికి పన్ను సెస్‌తో 1,30,000. బాండ్లలో పెడితే 10 లక్షలు, ఏటా వడ్డీ 52,500, ఐదేళ్లకు మొత్తం 12,62,500. పన్ను కట్టేస్తే చేతిలో 8,70,000. అది ఐదేళ్లలో అంత కావాలంటే ఏడాదికి 7.7 శాతం రావాలి. బాండు వడ్డీని కూడా తిరిగి పెట్టుబడి పెట్టే మనిషికి ఆ గీత 8.2 దగ్గరికి వస్తుంది. బ్యాంకు డిపాజిట్ మనిషికి బాండే మేలు. అంతకంటే ఎక్కువ రాబడి తెచ్చుకునే దారి ఉన్నవాడికి పన్ను కట్టి చేతులు దులుపుకోవడమే మేలు. పన్ను అంటేనే గిట్టక ఐదేళ్లు సొమ్ము బంధించుకునేవాళ్లు ఎక్కువ, లెక్క వేసి బంధించుకునేవాళ్లు తక్కువ.

54ఎఫ్‌లో మిగిలిన లాభానికి 54ఈసీ వాడొచ్చు, రెండూ కలపడానికి అడ్డు లేదు. ఆలుమగలిద్దరి పేరున ఉంటే ఒక్కొక్కరికి విడిగా 50 లక్షలు. కానీ కొన్నప్పుడు డబ్బు ఒక్కరిదే అయితే లాభమూ ఒక్కరిదే. అమ్మేముందు భార్య పేరున బహుమతి దస్తావేజు రాసి సగం మళ్లిస్తే 64 కింద తిరిగి భర్త లెక్కలోనే కలుపుతారు. పెద్దయిన పిల్లలకు ఇస్తే కలపరు, కాని అప్పుడు ఆస్తి నిజంగా వాళ్లదే, డబ్బు వాళ్ల ఖాతాలోనే ఉండాలి.

#18 · ఎనుమాముల_పత్తి
మామునూరు ఎయిర్‌పోర్టుకు, గ్రీన్‌ఫీల్డ్ హైవేకు భూములు పోతున్నయి. ఆ పరిహారానికి?

#19 · పహాణీ_పెద్దన్న
2013 భూసేకరణ చట్టం కింద అవార్డు (పరిహారం ఖాయం చేసిన ఉత్తర్వు) అయితే సెక్షన్ 96 ప్రకారం ఆదాయపు పన్ను లేదు, వ్యవసాయ భూమి కాకపోయినా లేదు. సీబీడీటీ 2016ల 36వ సర్క్యులర్‌ల గిదే చెప్పింది. సెక్షన్ 46 కింద ప్రైవేటు కొనుగోలుకు మాత్రం వర్తించదు. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకున్న భూమికి సెక్షన్ 96 వర్తిస్తదా అన్నదాని మీద వివాదాలు నడుస్తున్నయి. గందుకని పట్టణ చేను అయితే రెండేండ్లు సేద్యం చేసిన రుజువు పెట్టుకుని 10(37) కింద గూడ మినహాయింపు అడుగుండ్రి. గ్రామీణ చేను అయితే అసలు తంటనే లేదు.

ఆలస్యానికి కోర్టు ఇప్పించే వడ్డీ వేరే సంగతి. అది అందిన ఏడాది ఇతర ఆదాయం, దాంట్ల సగం తగ్గింపు వస్తది, మిగతా సగానికి పన్ను. అవార్డు నకలు, నోటిఫికేషన్ నంబరు, ఏ చట్టం కింద సేకరించిన్రో రాసిన పేజీ భద్రం చేసుకోండ్రి. టీడీఎస్ (చెల్లింపులకెల్లి ముందే పట్టుకునే పన్ను) కోసినా రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవచ్చు.

#20 · మేడిపల్లి_లేఅవుట్
చేనును ఎకరాల లెక్కన అమ్మకుండా నాలా (వ్యవసాయేతర భూమిగా మార్పిడి) చేయించి, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతితో ప్లాట్లు వేసి అమ్మాలనుకునేవాళ్లకు. ఎకరాకు 4840 గజాలు, రోడ్లు, పార్కు పోను మిగిలేది చూసి ఆశ పుడుతుంది. పన్ను వైపు చూడండి: నాలా అయిన రోజే వ్యవసాయ భూమి హోదా పోతుంది. ప్లాట్లు కోసి అమ్మడం వ్యాపారం. 45(2) ప్రకారం భూమిని వ్యాపార సరుకుగా మార్చిన రోజు మార్కెట్ విలువ దాకా మూలధన లాభం, ఆ పైన వ్యాపార లాభం శ్లాబు రేటులో, అంటే 30 శాతం దాకా. రెండూ ప్లాటు అమ్మిన ఏడాదే పడతాయి. అందుకే మార్చిన రోజునే వాల్యుయరు రిపోర్టు తీసుకోవాలి. ఆ విలువ ఎంత సరిగ్గా నిలబడితే అంత భాగం 12.5 శాతంలో ఉంటుంది. అభివృద్ధి చేసిన ప్లాటు అమ్మకానికి జీఎస్టీ లేదు.

బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇస్తే 45(5ఏ): వ్యక్తి లేదా ఉమ్మడి కుటుంబం అయి, ఒప్పందం రిజిస్టరు అయి ఉంటే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదే పన్ను. ఆ రోజు తన వాటా ఫ్లాట్ల స్టాంపు విలువ, దానికి తోడు నగదు, అదే అమ్మకం ధర. సర్టిఫికెట్ రాకముందే వాటాలో ఒక్క ఫ్లాటు అమ్మినా దాని మేరకు ఈ వాయిదా పోతుంది. ఐదు ఫ్లాట్లు వచ్చాయి కదా అని 54ఎఫ్ ఐదిటికీ అడగలేరు, ఒక్క ఇంటికే.

#21 · మంచిర్యాల_మేస్త్రి
మల్గీలు ఎవరూ ముట్టుకోలేదు.

#22 · లెక్కల_సారు
చిన్న లెక్క. రెండు మల్గీలు, ఏడాదికి 4,32,000. ఆ ఏడాది నిజంగా కట్టిన ఇంటి పన్ను, 22,000 అనుకుందాం, పోతే 4,10,000. 30 శాతం ప్రామాణిక తగ్గింపు 1,23,000. మిగిలేది 2,87,000. సున్నం, రిపేర్లు, వాచ్‌మన్ జీతం విడిగా రావు, ఆ 30లోనే ఉన్నాయి. ఇంటి పన్ను బకాయి ఉంటే తగ్గింపు లేదు, కట్టిన ఏడాదే వస్తుంది. లోను వడ్డీ కొత్త విధానంలో కూడా కిరాయి ఆస్తికి తగ్గుతుంది, కాని నష్టం వస్తే జీతంలోంచి తీయడం కుదరదు.

20 లక్షల లోపు కాబట్టి మీకు జీఎస్టీ లేదు. కిరాయిదారు జీఎస్టీలో నమోదై ఉంటే, కాంపోజిషన్ కాకపోతే, 2024 అక్టోబరు 10 నుంచి 18 శాతం అతనే రివర్స్ చార్జ్‌లో కట్టాలి. "అది మీ కిరాయిలోంచి కోస్తాం" అంటే ఒప్పుకోకండి.

#23 · కరీంనగర్_కాగితం
అమ్మేవారు గల్ఫ్‌లో ఉంటే మొత్తం కథ మారుతుంది. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఇది రోజూ వచ్చే కేసు. ఎన్నారైకి 1 శాతం టీడీఎస్ కాదు, 195 కింద 12.5 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్. కొనేవారు టాన్ (టీడీఎస్ కోసేవారి నంబరు) తీసుకుని 27క్యూ రిటర్ను వేయాలి. లాభం తక్కువే అయినా కోత మొత్తం ధర మీద పడకుండా ఉండాలంటే అమ్మేవారు ముందే ఫారం 13 వేసి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోవాలి, అందుకే రిజిస్ట్రేషన్ తేదీ దాని తర్వాత పెట్టుకోండి. ఇండెక్సేషన్ ఎంపికా లేదు, 4 లక్షల సర్దుబాటూ లేదు. దుబాయ్‌లో రాసిన జీపీఏ (అమ్మే అధికారం ఇచ్చే పత్రం) అయితే కాన్సులేట్ ధ్రువీకరణతో ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

#24 · గుంటలు40
ఇక్కడనే ఉన్నోళ్లకు 1 శాతం ఎప్పుడు? చేను పక్కోళ్లు ఇద్దరన్నదమ్ములు 70 లక్షలకు ప్లాటు అమ్ముతున్నరు, చెరి 35. 50 లోపేనని కోయలే.

#25 · లెక్కల_సారు
కోయాలి. 2024 అక్టోబరు 1 నుంచి అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఎందరున్నా ఆస్తి మొత్తం ధర చూడాలి. ధర గానీ స్టాంపు విలువ గానీ 50 లక్షలు తాకితే 194ఐఏ, రెండిట్లో ఎక్కువ దాని మీద 1 శాతం. గ్రామీణ వ్యవసాయ భూమికి లేదు. బయానా ఇచ్చిన రోజు నుంచి ప్రతి వాయిదాలో కోసి, కోసిన నెల అయిపోయాక 30 రోజుల్లో 26క్యూబీ కట్టాలి. ఆలస్యానికి రోజుకు 200. కొనేవాడు ఒక్కడు, అమ్మేవాళ్లు ఇద్దరు కాబట్టి ఫారాలు రెండు. కొనేది ఆలుమగలైతే నాలుగు.

ముందు అన్నదమ్ముల పాన్ ఆధార్‌తో కలిసి ఉందో లేదో పోర్టల్‌లో చూడమనండి. కలవకపోతే 1 శాతం కాదు, 20. ఆ తేడా కొనేవాడి నెత్తినే డిమాండుగా వస్తుంది.

#26 · గుంటలు40
పెద్దాయనది కలవలేదట. బయానా వచ్చే వారం. ఈలోపల కలిపిస్తరు.